ఇరుసు కింద నూనె చుక్క
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం "మీ పాత అంబాసిడర్ సంగతి చెప్పండి" అని కార్యదర్శిగారు కోరారు. మనలో ఇంకా అంబాసిడరో జీపో ఇంట్లో ఉంచుకున్నవారు కొద్దిమంది ఉన్నారు. వారికి పనికి వస్తుందని ఈ నాలుగు మాటలు.

కారు వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి పెద్ద డబ్బా ఉంటుంది. పుస్తకాల్లో డిఫరెన్షియల్ అని రాస్తారు, మెకానిక్కులు క్రౌన్ అంటారు. ఆ డబ్బా అతుకులో పల్చటి కాగితం ప్యాకింగ్, అంటే గాస్కెట్, ఉంటుంది. అది పోయి నూనె కారితే ఇంటి దగ్గరే ఎట్లా మార్చుకోవాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నదే ఈనాటి విషయం.

ముందుగా ఆ డబ్బా చేసే పని చెబుతాను. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలి చక్రం తక్కువ నడవాలి. ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. రెండు చక్రాలూ ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. కారులో ఇంజను బలం రెండు చక్రాలకూ అందాలి, అయినా ఒకదాని వేగం ఒకదానికి అడ్డు రాకూడదు. ఈ సర్దుబాటు చేసే పళ్ల చక్రాల పెట్టే డిఫరెన్షియల్. ఆ పళ్లు ఎప్పుడూ చిక్కటి గేర్ ఆయిల్‌లో తడుస్తూ ఉండాలి. ఆయిల్ తగ్గితే పళ్లు అరిగి, మొదట కూత వస్తుంది, తర్వాత విరుగుతాయి.

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు అంబాసిడర్‌ను 1950ల చివరి నుంచి 2014 దాకా తయారు చేశారు. మన ఆఫీసుల ముందు నిలిచిన తెల్ల కార్లు అవే. వాటి లాగ్ బుక్కులు రాసి రాసి నా వేళ్లు అరిగినాయి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో ముందు చక్రాలే బండిని లాగుతాయి, డిఫరెన్షియల్ గేర్ బాక్సులోనే కలిసి ఉంటుంది. అందుకే ఇప్పటి చిన్న కార్ల కింద వంగి చూసినా ఈ గుండ్రటి డబ్బా కనబడదు. జీపుకు, లారీకి మాత్రం ఉంటుంది. విదేశాల్లో వెనక చక్రాలతో పరుగెత్తే స్పోర్ట్స్ కార్లకూ ఉంటుంది. వాటిలో చాలావాటికి వెనక మూత విప్పితే చాలు. అంబాసిడర్‌కు అట్లా కాదు, పళ్ల చక్రాల దిమ్మ మొత్తం ముందు వైపు నుంచి బయటికి రావాలి.

ఇక నా బండి సంగతి. ఇరుసు కింద నూనె చుక్కలు పడుతున్నాయని ఒక షెడ్డుకు ఇచ్చాను. ప్యాకింగ్ మార్చారు. నెల తిరగకముందే మళ్లీ కారింది. మళ్లీ మార్చారు, మళ్లీ కారింది. మూడోసారి పోతే "హౌసింగే పోయింది సార్, మొత్తం మార్చాలి" అన్నారు. ఆ మాట విని బండి ఇంటికి తెచ్చుకున్నాను. డిప్లొమా చదివిన మా తమ్ముడి కొడుకును పిలిచి, "ఒరే, ప్యాకింగ్ ఎందుకు పోతున్నదో ముందు చూడరా" అన్నాను. ఆఫీసులో ఒకే అర్జీ మూడుసార్లు వచ్చిందంటే తప్పు అర్జీదారుది కాదు, కారణం చూడకుండా ఫైలు మూసినవాడిది.

మేము చేసినది చెబుతాను. ఇరుసంతా కిరోసిన్‌తో కడిగి, తుడిచి, ఆరినాక ముగ్గుపిండి అద్దినాం. హన్మకొండ నుంచి కాజీపేట దాకా పోయి వచ్చి చూస్తే తడి ఎక్కడ మొదలైందో తెల్లటి పిండి మీద స్పష్టంగా కనబడింది. నూనె మూడు చోట్ల కారవచ్చు. ప్రొపెల్లర్ షాఫ్టు కలిసే ముక్కు దగ్గరైతే అక్కడి ఆయిల్ సీలు పోయినట్టు. చక్రాల దగ్గరైతే చివరి సీళ్లు పోయినట్టు. ఇది ప్రమాదం, నూనె బ్రేకు షూలకు అంటితే బండి ఆగదు, ఆ షూలు కడిగి వాడకూడదు, మార్చాలి. మధ్య అతుకు దగ్గరైతేనే ప్యాకింగ్ పోయినట్టు. మాది మధ్య అతుకే.

అయితే ఇరుసు పైన బ్రీదర్ అని చిన్న గాలి రంధ్రం ఉంటుంది. బండి నడిస్తే లోపల వేడెక్కిన గాలి దాని గుండా బయటికి పోవాలి. మా బండికి అది మట్టి, జిడ్డు పట్టి పూర్తిగా మూసుకొని ఉంది. గాలికి దారి లేక నూనెను అతుకుల్లోంచి నెడుతున్నది. ఎన్ని ప్యాకింగులు మార్చినా ఏం లాభం? రెండుసార్లు విప్పినా దాన్ని చూసినవారు లేరు. బ్రీదర్ శుభ్రం చేసినాకే ప్యాకింగ్ పనికి దిగాం.

ఇప్పుడు పని వరస. అన్నిటికన్నా ముందు నూనె పోసే ప్లగ్గు విప్పి చూడాలి. అది తుప్పు పట్టి రాకపోతే కింది ప్లగ్గు ముట్టుకోవద్దు. ఉన్న నూనె దించి, కొత్తది పోయలేక బండి ఇంట్లోనే నిలిచిపోతుంది.

రెండోది ప్రాణాల సంగతి, శ్రద్ధగా వినండి. వెనక చక్రాలు లేపుతాం, కాబట్టి హ్యాండ్ బ్రేకు పట్టు ఉండదు. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పుతాం, కాబట్టి గేరులో పెట్టినా బండి ఆగదు. ముందు చక్రాలకు రెండు వైపులా గట్టి చెక్క దిమ్మెలు పెట్టాలి. నేల సమంగా, సిమెంటుది ఉండాలి. జాకీ లేపడానికే, బండిని నిలిపి ఉంచడానికి కాదు. బరువు ఇనుప స్టాండ్ల మీద దించాలి. ఇటుకలు పెట్టవద్దు, బరువుకు చిట్లుతాయి. డెబ్బై దాటిన మనం కింద దూరవద్దు. పక్కన కుర్చీ వేసుకొని, చీటీ చూసి వరస చెప్పే పని మనది.

తర్వాత పాత నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి. సన్నటి మెరుపు ఉంటే సహజం. ఇనుప ముక్కలు వస్తే లోపల పళ్లు దెబ్బతిన్నట్టు, పాలలాగా ఉంటే నీళ్లు కలిసినట్టు. అప్పుడు తెలిసిన మెకానిక్కును పిలవాలి. బ్రేకు డ్రమ్ములు తీసి, లోపలి ఆక్సిల్ షాఫ్టులను రెండు వైపులా బయటికి లాగాలి. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేముందు రెండు భాగాల మీద పెయింటుతో గుర్తు పెట్టి, మళ్లీ అట్లాగే బిగించాలి. చుట్టూ నట్లు తీశాక దిమ్మను ఇద్దరు పట్టుకొని, కింద జాకీ ఆనించి దించాలి. చాలా బరువు, ఎదురుగా పడుకొని లాగితే ఛాతీ మీద పడుతుంది. క్రౌన్, పినియన్ మధ్య సందు మాత్రం ముట్టుకోవద్దు, దానికి కొలత పనిముట్లు కావాలి.

పాత ప్యాకింగ్‌ను మొద్దు బ్లేడుతో, గీతలు పడకుండా గీకి తీయాలి. తుక్కు లోపల పడకుండా గుడ్డ కుక్కి, తర్వాత మరిచిపోకుండా తీయాలి. అంచు మీద ఇనుప స్కేలు పెట్టి వంకర ఉందేమో చూడాలి. సీలెంటు పల్చగా పూయాలి, ఎక్కువైతే ఉండలు కట్టి నూనెలో కలుస్తుంది. నట్లు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. కొత్త ఇ.పి. 90 గేర్ ఆయిల్ ప్లగ్గు అంచు దాకా పోసి మూయాలి. మొదట మెల్లగా నడిపి బ్రేకులు చూసుకోవాలి. వారం తర్వాత ముగ్గుపిండితో మళ్లీ ఒకసారి పరీక్ష చేయాలి.

దించిన నూనెను మోరీలో పోయవద్దు. వానకు మోరీల నీళ్లు చెరువుల్లోకే చేరుతాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవారికి ఇవ్వండి.

కొత్త ప్యాకింగ్ ఖరీదు ఒక పూట టిఫిను ఖర్చును మించలేదు. రెండు రోజులు పట్టింది. బండి ఇప్పుడు చుక్క కార్చడం లేదు, హౌసింగ్ పాతదే. ఎవరైనా పెద్ద ఖర్చు చెబితే "ఎందుకు పోయింది?" అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు చెప్పలేనివారికి డబ్బు ఇవ్వకండి. మన సభ్యుల్లో ఎవరికైనా ఈ పని పడితే కబురు చేయండి, నేను కుర్చీతో సహా వస్తాను.