కావలివాడు బూర ఊదినప్పుడు

ఈ ఉదయం మన ధ్యానము యెహెజ్కేలు గ్రంథము 33వ అధ్యాయములోని కావలివానిని గూర్చి. ఆపద రావడం చూసి కూడా బూర ఊదకపోతే, నశించిన ప్రాణాలకు ఆ కావలివాడే లెక్క అప్పగించాలని దేవుడు ప్రవక్తకు తెలియజేశాడు.

2004 డిసెంబరు 26, ఆదివారం. క్రిస్మస్ మరునాడు. మన గడియారాల ప్రకారం ఉదయం ఆరున్నర కావస్తుండగా సుమత్రా దీవి దగ్గర సముద్రగర్భంలో మహా భూకంపం వచ్చింది. సునామీ అల మన కోస్తాను చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ వ్యవధిలో ఒక్క మాట అంది ఉంటే ఒడ్డున ఉన్నవారు నడిచి వెళ్లినా బ్రతికేవారు. ఆ మాట రాలేదు. హిందూ మహాసముద్రానికి అప్పటికి కావలివాడే లేడు. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా చనిపోయారు. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో పౌర్ణమి స్నానాలకు వచ్చినవారు కూడా వారిలో ఉన్నారు.

ఇప్పుడు కావలివాడు ఉన్నాడు. ఎక్కడో తెలుసా? మన హైదరాబాదులో! ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రంలో 2007 అక్టోబరు నుండి సునామీ హెచ్చరికల విభాగం రాత్రింబగళ్లు పనిచేస్తోంది. భూకంపం వచ్చిన కొద్ది నిమిషాల్లోనే దాని తీవ్రతను లెక్కగడతారు. సముద్రపు అడుగున నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలు, తీరాన నీటిమట్టం కొలిచే పరికరాలు చూసి అల పుట్టిందో లేదో తేల్చుకుంటారు. అలలు కనబడని ఊరిలో కూర్చుని సముద్రాన్ని కాస్తున్నారు. అలాంటప్పుడు "మనది వరంగల్, సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైన, మనకేమి సంబంధం?" అని మనం అనగలమా?

అయితే ప్రియులారా, బూర ఊదడం సగం పనే. విన్నవాడు లేచి కదలాలి. హెచ్చరిక జిల్లా అధికారులకు చేరుతుంది సరే, ఒడ్డున గుడిసెలో నిద్రపోతున్న ముసలమ్మకు ఎవరు చెబుతారు? ఆమెను ఎవరు మోస్తారు? ఏ దారిన మెట్టకు తీసుకువెళతారు?

సుమత్రా పక్కనే సిమెలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ సునామీ ఎంతోమందిని బలిగొన్నది. నేల గట్టిగా కంపించి సముద్రం వెనక్కి పోతే కొండకు పరుగెత్తాలని అవ్వలు, తాతలు పిల్లలకు చెబుతూ వచ్చారు. 2004లో ఆ దీవికి హెచ్చరిక అందే సమయమే లేదు. అయినా దాదాపు 78 వేలమందిలో చనిపోయినవారు ఏడుగురు మాత్రమే. తాతల మాటే వారికి బూర అయింది. ఒడిశాలో వెంకట్రాయపూర్, నోలియాసాహి అనే రెండు తీరగ్రామాలు తప్పించుకునే దారుల పటం గీసుకుని, కసరత్తు చేసి, 2020లో యునెస్కో సముద్ర విభాగం నుండి సునామీకి సిద్ధమైన గ్రామాలుగా గుర్తింపు పొందాయి.

మరి మనమేమి చేయగలము? ఆపద వచ్చాక బియ్యం, దుప్పట్లు పంపడం మన సంఘాలకు తెలుసు. ఈసారి ముందుగా పంపుదాము. తీరంలోని ఒక చిన్న సంఘంతో చేయి కలపండి. వారి మందిరానికి ఒక మైకు, బ్యాటరీ దీపాలు కొనివ్వండి. వృద్ధులు, వికలాంగులు, గర్భిణులు ఎవరింట ఉన్నారో, ఎవరు ఎవరిని తీసుకువెళ్లాలో యువకులచేత పేర్లు రాయించండి. మతం చూడకుండా ఊరందరి పేర్లూ రాయించండి. ఏడాదికొకసారి మెట్టదాకా నడిపించి చూడండి.

మీ ఆడపడుచును బాపట్లకో, బందరుకో ఇచ్చారా? ఈరోజే ఫోనుచేసి నాలుగు మాటలు చెప్పండి. భూమి గట్టిగా కంపించినా, సముద్రం వెనక్కి తగ్గినా, పెద్ద హోరు వినిపించినా సైరను కోసం ఆగవద్దు. మొదటి అలే పెద్దదని అనుకోవద్దు. అధికారులు చెప్పేదాకా ఒడ్డుకు తిరిగి రావద్దు. వేటకు వెళ్లిన పడవలు లోతు నీటిలోనే ఉండాలి, రేవుకు రాకూడదు.

యోసేపు కరవు రాకముందే ఏడేండ్లు ధాన్యం కూర్చాడు. అదీ విశ్వాసమే.

ప్రార్థన చేసుకుందాము. పరలోకపు తండ్రీ, తీరాన కావలి కాస్తున్నవారికి మెలకువనిమ్ము. వినేవారికి లేచే కాళ్లనిమ్ము. దూరాన ఉన్న మాకు పొరుగువాని ప్రాణముపట్ల భారము కలిగించుము. ఆమేన్.