కొమ్మ పంచుకొన్నవారి తోటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఊరి లెక్కలు వ్రాసికొను నాబోటివాడు పూలమొక్కలనుగూర్చి మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. కాని యీ విషయమున నాకొక నష్టము సంభవించినది. ఆ నష్టమే నాచేత ఈ నాలుగు మాటలు చెప్పించుచున్నది.

కొన్నియేండ్ల క్రిందట ఉదకమండలము వెళ్లినప్పుడు రోడోడెండ్రాన్ అను ఎఱ్ఱపూల చెట్టును చూచితిని. నీలగిరులలో అది సహజముగా పెరుగును. ముచ్చటపడి యొక మొక్కను కొనితెచ్చి, మా పెరటి రేగడిలో నాటి, సున్నపుగుణముగల బావినీరు దినమునకు రెండుమారులు పోసితిని. నెల తిరుగకముందే ఆకులు పసుపెక్కి రాలిపోయెను. పారిజాతమును స్వర్గమునుండి పెకలించితెచ్చి సత్యభామ పెరటిలో నాటిన శ్రీకృష్ణునకు మట్టిగుణము విచారింపవలసిన పని లేకపోయెను. మనకట్టి సౌకర్యము లేదు గదా!

అది యేల చచ్చెనో తెలిసికొనుటకు పుస్తకములు వెదకగా, దాని దాయాదులైన ఉష్ణమండలపు జాతుల కథ కంటబడినది. వీనిని విరేయాలందురు. న్యూగినీ, బోర్నియో, సుమత్రా, ఫిలిప్పైన్సు మొదలగు దీవులలో సుమారు 300 జాతులు కలవు. పేరునకు ఉష్ణదేశపువే కాని, వీనిలో పెక్కు మబ్బులు కమ్మిన చల్లని కొండలపై నివసించును. అనేకము పెద్దచెట్ల కొమ్మలమీది నాచులో వేరూనును; అయినను బదనికవలె ఆ చెట్టు రసమును పీల్చవు. విత్తనమునకు రెండుకొనలను సన్నని తోకలుండును; గాలి వానిని కొమ్మనుండి కొమ్మకు చేర్చును. ఇట్టి వేళ్లకు గాలి యాడవలెను, నీరు నిలువరాదు, సున్నము తగులరాదు. నేను నా మొక్కకు చేసినది సరిగా దీనికి విపరీతము. ఇది తెలిసినవారు చెట్టుబెరడు ముక్కలతో తొట్టి నింపి, పులుపుగుణము నిలిపి పెంచుదురు.

1840 దశాబ్దములో థామస్ లాబ్ అను నాతడు ఈ జాతులలో కొన్నిటిని ఇంగ్లండునకు పంపెను. వీచ్ కుటుంబమువారి పూలతోటలో వానిని సంకరముచేసి, వందలకొలది క్రొత్తరకములు పుట్టించిరి. అన్నియు వెచ్చని అద్దపుటిండ్లలో, ధనికుల పోషణలో నుండెను. 1914లో లండనులోని ఆ వ్యాపారము మూతపడినది. వెంటనే యుద్ధము వచ్చినది. అద్దపుటిండ్లను వెచ్చగా నుంచుటకు బొగ్గు కఱవయ్యెను. వందల రకములలో మిగిలినవి కొలదిమాత్రమే. ప్రిన్సెస్ అలెగ్జాండ్రా అనునది అట్లు బ్రదికిన వానిలో నొకటి.

తరువాతి తరమువారు సంఘములు కట్టిరి. రోడోడెండ్రానుల కొఱకు అమెరికాలో 1944లోను, ఆస్ట్రేలియాలో 1960లోను సంఘములు వెలసినవి. న్యూజిలాండులోని పుకెయిటి తోట 1951లో ఆరంభమైనది. ఇట్టి సంఘములవారు పూసిన తొట్లను సభకు తెత్తురు, చచ్చినవానిని గూర్చియు దాపరికములేక చెప్పుకొందురు. అన్నిటికంటె ముఖ్యముగా కొమ్మలను, విత్తనములను పంచుకొందురు. ఒకరి తోటలో మొక్క పోయినచో, తానిచ్చిన కొమ్మయే మిత్రుని తోటనుండి తిరిగివచ్చును. అప్పిచ్చినవాడే లాభపడు ఇట్టి ఖాతాను నేను వేఱెచ్చటను చూడలేదు.

మన యూరి సంగతి కొంత చెప్పెదను. నా చిన్ననాట ఒక యింట తెల్లని ముద్దమందార ముండెడిది. ఎవ్వరడిగినను వారు కొమ్మ నిచ్చెడివారు కారు. ఒక వానకాలమున ప్రహరీగోడ కూలి దానిమీద పడెను. అంతటితో అది పోయినది. పెద్దలలో కొందరికింకను జ్ఞాపకముండును.

విరేయా మన యెండలకు నిలువదు. దాని జోలికి మరల పోను. కాని నందివర్ధనము, మందారము, నూరువరహాలు మన యిండ్లలో నున్నవి. వానకాలము రాగానే, మొదటి ఆదివారము నాడు మా పెరటి కొమ్మలు కొన్ని ఈ గ్రంథాలయపు అరుగుమీద ఉంచెదను. మీరును తెండు. పుస్తకముల ఎరువు చిట్టా ప్రక్కనే కొమ్మల చిట్టా యొకటి తెఱచి, ఎవరి కొమ్మ యెవరింట చేరెనో నేనే వ్రాసిపెట్టెదను.