క్వాంటమ్‌కూ ఒక చిరుసంచి కావాలె

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నాది 1986 పదో తరగతి బ్యాచ్. ముప్పై ఏళ్లకు పైగా ఎలక్ట్రానిక్స్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "అన్నా, ఈ క్వాంటం ముచ్చట ఏందో అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పాలె" అన్నాడు. క్వాంటం గురించి కొంచెమే చెబుతాను. దాని మీద పీహెచ్‌డీ చేసే పిల్లల గురించి ఎక్కువ చెబుతాను. ఎందుకంటే యంత్రాలను డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. వాటిని పనిలో పెట్టే మనుషులను మాత్రం మనమే తయారుచేసుకోవాలి.

కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. 2030-31 వరకు 6,003 కోట్ల రూపాయల పైచిలుకు ఖర్చు. బెంగళూరు ఐఐఎస్‌సీకి కంప్యూటింగ్, మద్రాస్ ఐఐటీకి కమ్యూనికేషన్, బొంబాయి ఐఐటీకి సెన్సార్లు, ఢిల్లీ ఐఐటీకి పదార్థాలు, పరికరాలు అప్పజెప్పారు. పక్క రాష్ట్రంలో, అమరావతి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రాన్ని నెలకొల్పుతామని 2025లో ప్రకటించారు. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ క్వాంటం పరిశోధన కేంద్రం ఉంది. పేపర్లలో ఇవన్నీ చదివే ఉంటారు. అయితే ఈ కంప్యూటర్లు ఇంకా తప్పులు ఎక్కువ చేసే దశలోనే ఉన్నాయి. రేపే అన్ని సమస్యలూ తీరుస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి.

వీటికన్నా ముందు బజారుకు వచ్చినవి రహస్య తాళాలు పంపే పరికరాలు. ఒక్కొక్క కాంతికణాన్ని ఫైబర్‌లో పంపిస్తారు. కొన్ని పరికరాల్లో ఆ కణం ఏ వాలులో కంపిస్తున్నదన్న దాంట్లో సమాచారం ఉంటుంది. మధ్యలో ఎవరైనా దొంగచాటుగా చూస్తే ఆ వాలు చెదిరిపోతుంది, అవతలి వాళ్లకు తెలిసిపోతుంది. 2022 ఫిబ్రవరిలో డీఆర్‌డీవో, ఢిల్లీ ఐఐటీ కలిసి ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య వంద కిలోమీటర్లకు పైగా మామూలు టెలికం ఫైబర్ మీద రహస్య తాళాలు పంపి చూపించాయి.

ఇక నా అనుభవం. ఆ అమ్మాయి అనుమతితోనే చెబుతున్నాను. వాళ్ల నాన్న సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. ఆమె భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తూ, మా కంపెనీకి పరిశోధన పని మీద వచ్చింది. ఇదే రకం లింకు ఒకటి రెండు ఎక్స్ఛేంజీల మధ్య పెట్టాం. రాత్రంతా బ్రహ్మాండంగా నడిచేది. పొద్దున పదకొండు దాటగానే తప్పులు పెరిగి ఆగిపోయేది. ఆమె మూడు వారాలు డిటెక్టర్లు మార్చింది, లేజర్ మార్చింది, గదిలో ఏసీ పెంచింది. లాభం లేదు. ఒకరోజు చాయ్ తాగుతుంటే లైన్‌మన్ అన్నాడు: "మేడం, మీ వైరు అంతా భూమిల లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు తెగితే, కిలోమీటరున్నర స్తంభాల మీద గుంజినం. పగటిపూట ఎండకు సాగుతది, గాలికి ఊగుతది."

అంతే! ఫైబర్ వేడెక్కినా ఊగినా కాంతికణం వాలు మారిపోతుంది. ప్రయోగశాలలో చుట్ట చుట్టి బల్ల మీద పెట్టిన ఫైబర్‌కు ఎండా లేదు, గాలీ లేదు. ఆ మార్పును ఎప్పటికప్పుడు కొలిచి సరిదిద్దే పద్ధతి ఆమె నాలుగు నెలల్లో తయారుచేసింది. ఆమె థీసిస్‌లో అన్నిటికన్నా గట్టి అధ్యాయం అదే.

ఇక్కడిదాకా సంతోషమే. తర్వాతది నా తప్పు. పేపర్ ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోవాలి. ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. పేటెంటు సంగతి తేలనీయ్, లాయర్లు చూడనీయ్ అంటూ ఎనిమిది నెలలు ఆపాను. పేపర్ లేక ఆమె థీసిస్ ఆగింది. ఐదేళ్ల ఫెలోషిప్ గడువు అయిపోయింది. అప్పట్లో వచ్చే నెలకు 35,000 రూపాయలు కూడా ఆగిపోయాయి. ఇంట్లో చెల్లెలి పెళ్లి. ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. డాక్టరేట్ వచ్చింది కానీ క్వాంటం వదిలేసింది. దేశంలో ఆ పని తెలిసినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో ఒకరిని నా సంతకం ఆలస్యం వల్ల పోగొట్టుకున్నాం.

మన దగ్గరే దీనికి ఒక పాఠం ఉంది. జగిత్యాల పక్కన పొలాస పరిశోధన స్థానం మీ అందరికీ తెలుసు. జగిత్యాల సన్నాలు అక్కడి నుంచే వచ్చాయి. ఉల్లికోడును తట్టుకునే సన్నరకం వరి. వ్యవసాయ శాస్త్రవేత్తలు కొత్త వంగడాన్ని తమ మడిలో పండించి ఊరుకోరు. విడుదలకు ముందు చిరుసంచుల్లో విత్తనం రైతులకిస్తారు. రైతు తన పొలంలో, తన నీళ్లతో, ఎప్పుడూ వేసే రకం పక్కనే వేసి చూస్తాడు. అక్కడ నిలిస్తేనే అది వంగడం. క్వాంటం పరిశోధనలో మనకు ఆ చిరుసంచి దశ లేదు. ల్యాబ్ నుంచి నేరుగా బజారుకు పోవాలని చూస్తున్నాం.

ఇది మనకు కొత్త కూడా కాదు. అయ్యగారి సాంబశివరావు గారు 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌ను నిలబెట్టినప్పుడు, ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎలక్ట్రానిక్స్‌తో పాటు ఆ పని తెలిసిన మనుషులూ వచ్చారు. బ్రిటన్ 2014లో జాతీయ క్వాంటం కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు లండన్, బ్రిస్టల్ లాంటి చోట్ల డాక్టరేట్ శిక్షణ కేంద్రాలు పెట్టింది. అక్కడ విద్యార్థులు ఒక జట్టుగా చేరతారు. మొదట అందరూ కలిసి పాఠాలు, చేతిపని నేర్చుకుని, పరిశ్రమను చూసి, ఆ తర్వాతే ఎవరి పరిశోధనలోకి వాళ్లు వెళ్తారు. మన దేశంలోనూ ప్రధానమంత్రి డాక్టరల్ ఫెలోషిప్ ఉంది. సగం డబ్బు కంపెనీ పెడుతుంది, విద్యార్థికి యూనివర్సిటీలో ఒక గైడు, కంపెనీలో ఒక గైడు. పద్ధతి మంచిదే. అయితే ఆ కంపెనీ గైడు నాలాంటివాడైతే పద్ధతి ఏం చేస్తుంది?

అందుకే మూడు మాటలు చెబుతాను.

ఒకటి. పీహెచ్‌డీ పిల్లలను పరిశ్రమకు చివరి ఏడాది కాదు, రెండో ఏడాదే పంపాలి. అప్పటికి ప్రశ్న ఇంకా గట్టిపడదు. ఎండలో, దుమ్ములో, కరెంటు పోయేచోట తన పరికరం ఏమవుతుందో చూసి తన ప్రశ్నను తానే దిద్దుకుంటుంది.

రెండు. చేరిన రోజే ఒక పేజీ ఒప్పందం రాసుకోవాలి. పేపర్ మీద అభ్యంతరం ఉంటే కంపెనీ అరవై రోజుల్లో చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. కంపెనీ రహస్యం కంపెనీకి ముఖ్యమే, కాదనను. కానీ దాని ఖర్చు విద్యార్థి మోయకూడదు.

మూడు. పని తెలిసినవాళ్లను గురువులుగా ఒప్పుకోవాలి. సిరిసిల్ల కార్ఖానాలో సాంచె చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెప్పే మనిషి ఉంటాడు. మా లైన్‌మన్ కూడా అలాంటివాడే. పరిశోధన సమీక్షలో ప్రొఫెసర్ల పక్కన అటువంటి ఒక మనిషికి కుర్చీ వెయ్యాలి.

ఇప్పుడు ఈ ముందు వరుసల్లో కూర్చున్న పిల్లల అమ్మానాన్నలకు. గల్ఫ్‌లో కష్టపడి పంపిన డబ్బుతో, బీడీలు చుట్టిన డబ్బుతో చదివిస్తున్నారు. "పీహెచ్‌డీ అంటే ఇంకా ఐదేళ్లా, జీతం ఎప్పుడొస్తది?" అని అడగడం తప్పు కాదు. ఇప్పుడు నెలకు మొదటి రెండేళ్లు 37,000, తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తక్కువే. దానికి తగ్గ దారి చూపించడం మాలాంటివాళ్ల బాధ్యత. మన సంఘంలో హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్క పరిశోధక విద్యార్థికి కంపెనీ గేటు తెరిపించండి. నా వంతుగా నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీ పిల్లల్లో ఇద్దరిని ప్రతి ఎండాకాలం మా ల్యాబ్‌కు తీసుకుపోతాను. ఈ మాట సావనీర్‌లో అచ్చు వేయండి, రేపు తప్పించుకోకుండా ఉంటాను.

మా ఆఫీసులో అరవై రోజుల నియమం పోయినేడు పెట్టించాను. ఈ ప్రసంగానికి అనుమతి అడగడానికి ఆ అమ్మాయికి ఫోన్ చేసినప్పుడు ఆమె ఒక్కటే అడిగింది: "సార్, నా తర్వాత వచ్చిన పిల్ల పేపర్‌కు ఎన్ని రోజులు పట్టింది?"

నలభై ఒక్క రోజులు అన్నాను.

"మంచిగైంది సార్" అన్నది.