కారణం చెప్పకండి, పక్కన కూర్చోండి

బిడ్డను పోగొట్టుకున్న దంపతులకు దేవుడిమీద నమ్మకం ఎంతవరకు ఊరటనిస్తుంది అన్నది ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం. సింగపూర్‌లోని ఈ హౌగాంగ్ బ్లాకుల్లోంచి, పక్కనున్న సెంకాంగ్, పుంగోల్ నుంచి ఇలాంటి మాట వినడానికి ఇంతమంది వచ్చారంటే మీ మనసు నాకు అర్థమవుతూనే ఉంది. అందుకే మొహమాటం లేకుండా మాట్లాడతాను. శోకం అంటే ఏమిటి, విశ్వాసం అంటే ఏమిటి అని నిర్వచనాలతో కాలయాపన చెయ్యను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ తల్లిదండ్రుల దగ్గరికి మనుషులను తీసుకొచ్చినప్పుడు, వాళ్ళకి ఏడ్చే చోటు ఇచ్చినప్పుడు భక్తి మేలు చేస్తుంది. అదే భక్తి ‘ఎందుకు పోయాడు’ అనే ప్రశ్నకి పక్కవాళ్ళ నోట జవాబుగా వస్తే కీడు చేస్తుంది. ఇది నా అభిరుచి కాదు, దీనికి ఆధారాలున్నాయి. వాటిలోకి వెళ్ళేముందు రెండు అపోహలను తొలగించాలి, ఎందుకంటే అవి అడ్డం ఉన్నంతసేపు అసలు విషయం కనిపించదు.

మొదటిది, ‘బిడ్డ పోతే ఆ కాపురం నిలవదు’ అన్నది. నూటికి ఎనభై జంటలు విడిపోతాయని, కాదు తొంభై అని, చదువుకున్నవాళ్ళు కూడా నిబ్బరంగా చెబుతారు. 1977లో అమెరికాలో హారియెట్ షిఫ్ తన పుస్తకంలో ఇలాంటి జంటల్లో 90 శాతం దాకా తీవ్రమైన కలతల్లో పడతారని రాసింది. కలతలన్న మాట చేతులు మారి విడాకులైంది. అంత పెద్ద అంకెను నిలబెట్టే అధ్యయనం ఏదీ లేదు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల సంఘం, కంపాషనేట్ ఫ్రెండ్స్, 1999లో సర్వే చేయిస్తే విడాకులతో ముగిసినవి 12 శాతం, 2006లో మళ్ళీ చేయిస్తే 16 శాతం. అమెరికాలో మామూలు జంటల విడాకుల లెక్క ఇంతకంటే చాలా ఎక్కువ. సంఘం చేయించిన సర్వే కాబట్టి కొంత తేడా ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ పన్నెండు తొంభై కావడానికి ఆ తేడా చాలదు. దయచేసి, కడుపుకోతలో ఉన్న ఇద్దరికి ‘మీ సంసారం కూడా పోతుంది జాగ్రత్త’ అని ఎవరూ చెప్పకండి. రెండోది, శోకానికి ఐదు మెట్లు ఉంటాయన్నది. 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ ఆ మెట్లు రాసింది మరణశయ్యమీద ఉన్న రోగులతో మాట్లాడి. అంటే తామే పోబోతున్నవాళ్ళ గురించి, పోయినవాళ్ళకోసం ఏడ్చేవాళ్ళ గురించి కాదు. ‘నాలుగో మెట్టు దాటావా’ అని ఒక తల్లిని అడగడం అన్యాయం.

మరి దంపతుల మధ్య నిజంగా ఏం జరుగుతుంది? నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ, హెంక్ స్కుట్ 1999లో ఒక సంగతి తేల్చి చెప్పారు. శోకంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ళ వైపు, కాసేపు బతకవలసిన పనుల వైపు ఊగుతుంటాడు. ఆ ఊగడమే ఆరోగ్యం. ఇంట్లో ఇద్దరున్నప్పుడు ఇద్దరూ ఒకేసారి ఒకే వైపు ఊగరు. ఆయన సోమవారం ఆఫీసుకి వెళ్ళిపోతాడు, ఆవిడ ఉయ్యాల దగ్గరే కూర్చుంటుంది. ఆయనకి ప్రేమ లేదని ఆవిడా, ఆవిడ తేరుకోదని ఆయనా అనుకుంటారు. అక్కణ్ణుంచి ఒకరి ఎదుట ఒకరు గట్టిగా ఉండటం మొదలుపెడతారు. స్ట్రోబ బృందమే బిడ్డను పోగొట్టుకున్న 219 జంటలను ఆరో నెలలో, పదమూడో నెలలో, ఇరవయ్యో నెలలో ప్రశ్నించి 2013లో ఫలితాలు ప్రకటించింది. భాగస్వామి బాధపడకూడదని తన దుఃఖాన్ని దిగమింగిన మనిషికి దుఃఖం పెరిగింది. ఎవరికోసం దిగమింగారో ఆ మనిషికి కూడా పెరిగింది. ఈ ఒక్క సంగతి ఇంటికి తీసుకెళ్ళండి. ఎందుకంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మగపిల్లవాడికి మొదట చెప్పేది ‘నువ్వు ధైర్యంగా ఉండాలి నాన్నా, నువ్వే ఏడిస్తే అమ్మాయి ఏమైపోతుంది’ అని. ఆడపిల్లకి చెప్పేది ‘అబ్బాయి ముందు కన్నీళ్ళు పెట్టుకోకు’ అని. ప్రేమతోనే చెబుతారు. ఫలితం మాత్రం తిరగబడుతుంది.

ఇప్పుడు భక్తి దగ్గరికి వద్దాం. ఉయ్యాలలోనే హఠాత్తుగా శిశువును పోగొట్టుకున్న 124 మంది తల్లిదండ్రులను డెట్రాయిట్, షికాగో ప్రాంతాల్లో మూడు వారాలకీ మళ్ళీ పద్దెనిమిది నెలలకీ కలిసి మాట్లాడిన అధ్యయనం 1993లో వచ్చింది. ప్రార్థనాలయానికి క్రమంగా వెళ్ళేవాళ్ళు మాకు తోడు ఉందని చెప్పారు, జరిగినదానిలో ఏదో ఒక అర్థం వెతుక్కోగలిగారు. మతాన్ని ముఖ్యం అనుకున్నవాళ్ళు బిడ్డ గురించి ఎక్కువ ఆలోచించారు, మరిచిపోవడానికి కాదు, మనసులో ఆ నష్టానికొక చోటు కుదుర్చుకోవడానికి. పద్దెనిమిది నెలల తరవాత తేరుకోవడానికి తోడ్పడినవి ఇవే. నమ్మకం ఉన్నంతమాత్రాన బాధ తగ్గలేదు. నమ్మకం తెచ్చిపెట్టిన మనుషుల వల్ల, ఆలోచించే అవకాశం వల్ల తగ్గింది. కొంచెం తేలికపడ్డవాళ్ళే గుడికి వెళ్ళగలిగారేమో అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. రెండుసార్లు కలిసి అడగడం వల్ల ఆ అనుమానం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంకోవైపు చూడండి. కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ‘దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, నన్ను వదిలేశాడు’ అనే తరహా విశ్వాసాన్ని విడిగా కొలిచాడు. ఆయన బృందం ఆస్పత్రిలో చేరిన 55 ఏళ్ళు దాటిన 596 మంది రోగులను రెండేళ్ళ తరవాత చూస్తే, అలా అనుకున్నవాళ్ళలో మరణించే ప్రమాదం ఎక్కువగా తేలింది. వాళ్ళు బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు కారు, నిజమే. అయినా శిక్ష అనే ఆలోచన మనిషిని లోపలినుంచి తినేస్తుందని అనుకోవడానికి ఆ లెక్క చాలు.

ఈ రెండింటినీ దగ్గర పెట్టుకుని మన పుస్తకాల్లోకి వెళ్దాం, ఇక్కడ కొంచెం సేపు నిలవనివ్వండి. భాగవతం ఆరో స్కంధంలో చిత్రకేతు మహారాజు కథ ఉంది. తెలుగులో ఆ స్కంధం రాసినవాడు పోతన కాదు, ఏర్చూరి సింగన. చాలామంది రాణులున్నా సంతానం లేని రాజు. అంగిరసుడి దయవల్ల పట్టపురాణి కృతద్యుతికి కొడుకు పుడతాడు. సవతులు ఓర్వలేక ఆ పసివాడికి విషం పెడతారు. ఇక్కణ్ణుంచి మన ప్రవచనకారులు ఒక్క గెంతు గెంతుతారు. నారదుడు చనిపోయిన బిడ్డ జీవుణ్ణి వెనక్కి పిలవడం, ఆ జీవుడు ‘ఏ జన్మలో తల్లి, ఏ జన్మలో తండ్రి వీళ్ళు’ అనడం, రాజుకి జ్ఞానం కలగడం, అంతే. పిల్లవాడు పోయిన ఇంటికి మూడోరోజు వెళ్ళి ఆ జీవుడి మాట వినిపించి, ఓదార్చామనుకుని తిరిగొస్తారు. ఆ కథ పూర్తిగా చదివారా అని నాకు అడగాలనిపిస్తుంది! మధ్యలో వదిలేసిన భాగంలో ఏముందో చూడండి. బిడ్డ చాలాసేపు నిద్రపోతున్నాడనుకుని తల్లి దాదిని పంపుతుంది. దాది పక్క దగ్గరికి వెళ్ళి, తేలిపోయిన కనుగుడ్లు చూసి నేలమీద కూలిపోతుంది. తల్లి పరిగెత్తుతుంది, జుట్టు విడిపోయి పూలు రాలిపోతాయి. రాజు తడబడుతూ వచ్చి బిడ్డ కాళ్ళ దగ్గర పడిపోతాడు, గొంతు పూడుకుపోయి మాట రాదు. కృతద్యుతి సాక్షాత్తు విధాతనే నిందిస్తుంది, తను చేసిన సృష్టిని తానే పాడుచేసుకునే తెలివితక్కువవాడంటుంది. గ్రంథకర్త ఆమెను మందలించలేదు, ‘అపచారం’ అనలేదు. భార్య ఏడుపు విని రాజు గొంతెత్తి ఏడుస్తాడు, ఆమెకోసం దిగమింగుకోలేదు. వాళ్ళతోపాటు ఊరంతా ఏడుస్తుంది. అప్పుడు, అంతా అయ్యాక, అంగిరసుడు నారదుణ్ణి వెంటబెట్టుకుని వస్తాడు. ఈ వరస గమనించండి. ముందు దంపతులు కలిసి ఏడ్చారు, తరవాత జనం చేరారు, ఆ తరవాతే వేదాంతం వచ్చింది. ఆ వేదాంతం చెప్పింది కూడా, ఆ బిడ్డ పుట్టడానికి కారణమైన మహర్షీ నారదుడూ. ఎదురు ఫ్లాట్ ఆయన కాదు. వేదాంతం తప్పని నేననను. దాన్ని ముందుకి లాగడం తప్పంటాను.

మీలో క్రైస్తవులున్నారు, మీకూ ఇదే ఉంది. పదిమంది బిడ్డలను పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాట లేకుండా నేలమీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడింది, చివర దేవుడు కోపగించింది వాళ్ళమీదే, యోబుమీద కాదు. ముస్లిం సోదరుల సంప్రదాయంలో, మహమ్మద్ ప్రవక్త పసికొడుకు ఇబ్రహీం పోయినప్పుడు ఆయన కంటతడి పెట్టుకున్నారు. ఆరోజే సూర్యగ్రహణం వస్తే జనం ఆ మరణానికే పట్టిందన్నారు. ఎవరి చావుకీ ఎవరి పుట్టుకకీ గ్రహణాలు పట్టవని ఆయన చెప్పారు. కడుపుతో ఉండగా గ్రహణంలో బయట తిరిగింది కాబట్టే ఇలా అయిందని ఒక తల్లి ముఖంమీద అనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇక ఇంగ్లండులోని కావెంట్రీలో, 1968లో ఒకే ఆస్పత్రిలో ఇద్దరు పిల్లలు చనిపోయినప్పుడు అక్కడి యువ పాదిరీ సైమన్ స్టీఫెన్స్ ఆ రెండు జంటలనీ ఒకరికొకరిని పరిచయం చేశాడు. తాను ఇవ్వలేనిది వాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకోగలరని గ్రహించాడు. ఇందాక చెప్పిన కంపాషనేట్ ఫ్రెండ్స్ 1969లో పుట్టింది అలాగే.

ఇక్కడ సింగపూర్‌లో మన చిక్కు వేరు. 1971లో భారతదేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 2020 నాటికి అది 28కి దిగింది, ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21. సింగపూర్‌లో ఇద్దరికి అటూ ఇటూ. ఇది వైద్యం సాధించిన ఘనవిజయం. కానీ మన అమ్మమ్మల వాడలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి మరొకరు తప్పకుండా ఉండేది, ఈ బ్లాకులో ఉండదు. పైగా రెండేళ్ళు నిండని బిడ్డను పూడ్చిపెట్టాలని, అగ్నిసంస్కారం, ఉదకదానం లేవని మను, యాజ్ఞవల్క్య స్మృతులు రెండూ చెప్పాయి. కర్మ లేదు కాబట్టి పదకొండోరోజు లేదు, పదకొండోరోజు లేదు కాబట్టి పలకరించడానికి వచ్చేవాళ్ళు లేరు. తియోచు చైనావాళ్ళ పాత పేట అయిన ఈ హౌగాంగ్‌లో, బ్లాకుల కింద ఖాళీగా ఉండే వాయిడ్ డెక్‌లో పెద్దవాళ్ళ చావుకి బల్లలు వేసి రోజుల తరబడి జనం కూర్చోవడం మీరు చూస్తూనే ఉంటారు. సంప్రదాయం పాటించే చైనా కుటుంబాల్లోనూ పెద్దలు చిన్నవాళ్ళ శవానికి మొక్కరు, కన్నవాళ్ళు శ్మశానానికి వెళ్ళకపోవడమూ ఉంది. అంటే అందరి ఆచారాలూ పసిబిడ్డ దగ్గరికొచ్చేసరికి కుంచించుకుపోయాయి. ప్రైవేటు ఉద్యోగాల్లో ఇలాంటి మరణానికి సెలవు ఇవ్వాలని ఇక్కడ చట్టం లేదు, అది కంపెనీ దయ. శాస్త్రం కర్మ వద్దంది, మనుషుల్ని వద్దనలేదు. పురోహితులు బిడ్డ పేరు చెప్పి ఒక దీపం పెట్టించినా, నలుగురిని పిలిచి విష్ణుసహస్రనామం చదివించినా ఏ స్మృతీ అడ్డురాదు.

అభ్యంతరాలు ఉన్నాయి, తొందరగా చెబుతాను. ‘ఋణం తీరిపోయింది అనుకుంటే మాకు శాంతిగా ఉంది’ అని ఆ తల్లే అంటే, అది ఆమె మాట, దాన్ని కదపడానికి మనమెవరం? అదే మాట మనం అంటే తీర్పు అవుతుంది. నాగదోషం, సర్పదోషం అంటూ శాంతులకు తరిమేవాళ్ళతో మాత్రం నాకు సహనం లేదు. మాయలో లోపం, బొడ్డుతాడు, ఇన్‌ఫెక్షన్, నెలలు నిండకపోవడం, బీపీ, షుగరు, పుట్టుకతో వచ్చే లోపాలు, ఇవి కారణాలు. అన్ని పరీక్షలూ చేశాక కూడా కారణం దొరకనివి చాలా ఉంటాయి. ఆ ఖాళీలోకే దోషాలు దూరతాయి, దూరి తల్లినే దోషిని చేస్తాయి. ఉయ్యాలలో హఠాన్మరణాలను విధి అని వదిలేసి ఉంటే, శిశువును బోర్లా పడుకోబెట్టడమే పెద్ద ప్రమాదమని తెలిసేది కాదు. 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో వెల్లకిల పడుకోబెట్టమని ప్రచారం చేశాక ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. అంతకుముందు బోర్లా పడుకోబెట్టమన్నది డాక్టర్లే, కాబట్టి ఆ తల్లిదండ్రుల తప్పు రవ్వంత కూడా లేదు.

చనిపోయి పుట్టిన బిడ్డను తల్లికి చూపించవచ్చా అని తప్పకుండా అడుగుతారు. 2002లో బ్రిటన్‌లో 65 మంది తల్లులమీద చేసిన అధ్యయనం చూడకపోవడమే మేలన్నట్టు చెప్పింది, స్వీడన్‌లో తరవాతి అధ్యయనాలు చూసి ఎత్తుకున్నవాళ్ళే తేలికపడ్డారన్నాయి. కాబట్టి ఆమెనే అడగాలి, ఇప్పుడు వద్దంటే కాసేపాగి మళ్ళీ అడగాలి. ఆమె బదులు అత్తగారో మామగారో నిర్ణయించకూడదు. ‘ఇంకొకరు పుడతారులే’ అనడం మానండి. ఏడాది దాటినా రోజూ మంచం దిగలేని, ఏ పనీ చేసుకోలేని స్థితి ఉంటే దాన్ని వైద్యులు ఇప్పుడు చికిత్స చెయ్యదగిన సమస్యగానే లెక్కిస్తున్నారు, పాలీక్లినిక్‌కి తీసుకెళ్ళండి. ఆమెకో ఆయనకో చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం ఏడాది ఆగకండి, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 1767కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యవచ్చు. పలకరించడానికి మొదటివారం అందరూ వెళ్తారు. నాలుగో నెలలో, ఆ బిడ్డ పుట్టినరోజున వెళ్ళండి, వెళ్ళి పేరు పెట్టి మాట్లాడండి. ఆయన్ని కూడా అడగండి, ఆవిడ ఎలా ఉందని కాదు, నువ్వెలా ఉన్నావని. టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి, అందరి ముందు అడగలేనివాళ్ళ కోసం బయట ఉంటాను.