పరభాష నేర్చిన పడతికి భయము తగ్గును
(నెల్లూరు జిల్లా సముద్రతీర గ్రామమున మహిళా సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన తీరమునకు పరభాషలు క్రొత్తవి కావు. 17వ శతాబ్దియందు ఇంగ్లీషు వర్తకులు దుగరాజపట్నమున స్థావర మేర్పరచుకొని మన బట్టలు కొనిరి. అట్టి వర్తకులకును మనవారికిని నడుమ నిలిచి మాటలాడినవాడు దుబాసీ. అనగా రెండు భాషలు తెలిసినవాడు. బేరము అతని నోట నుండెడిది. ఆనాడు ఆ పని పురుషులదే. నేడు సముద్రము దాటి పోవుచున్నవారిలో స్త్రీలును ఎందరో కలరు. కాని వారి పక్షమున మాటలాడుటకు దుబాసీ లేడు.

నెల్లూరు, కడప, గోదావరి జిల్లాలనుండి ఇంటిపనులకై కువైటు మొదలగు దేశములకు పోవు స్త్రీల సంగతి మీ రెరిగినదే. అప్పు తీర్చుటకో, కూతురి పెండ్లికో పోవుదురు. విమానము దిగినది మొదలు చుట్టును అరబ్బీ మాటయే. జ్వరము వచ్చినచో చెప్పుకొనలేరు. జీతము రానిచో అడుగలేరు.

కువైటులో ఇంటి పనివారి కొరకు 2015లో 68వ నంబరు చట్టము చేయబడినది. దాని ప్రకారము దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదు. వారమున కొకదినము జీతముతో సెలవు ఈయవలెను. పనిమనిషి సమ్మతి లేక యజమాని ఆమె పాసుపోర్టును తనయొద్ద ఉంచుకొనరాదు. చట్టము మంచిదే. కాని అడుగనేరని నోటికి చట్టము అక్కరకు వచ్చుట యెట్లు?

కావున పయనమునకు ముందే కొన్ని మాటలైనను నేర్వుడు. జీతమును అరబ్బీలో 'రాతిబ్' అందురు. పాసుపోర్టు 'జవాజ్', ఒప్పందము 'అక్ద్', ఆసుపత్రి 'ముస్తష్ఫా', రాయబార కార్యాలయము 'సిఫారా'. ఇవి కష్టమని జంకవలదు. తారీఖు, వకీలు, జవాబు అని మనము నిత్యము పలుకు మాటలు అరబ్బీనుండి వచ్చినవే. మన ఊళ్లలోని ముస్లిము సోదరీమణులలో అరబ్బీ లిపి చదువగలవారు పెక్కురు కలరు. వారిని అడిగి అక్షరములు నేర్చుకొనవచ్చును.

ఈ వయస్సున చదువేమి యందురా? మన జిల్లా ఆడుబిడ్డ పొణకా కనకమ్మగారిని తలచుకొనుడు. ఆమె 1892లో జన్మించిరి. బడికి పోయి చదువు భాగ్యము లేకున్నను, ఇంటిపట్టుననే స్వయంకృషిచే సంస్కృతము, హిందీ నేర్చిరి. తనకు దొరకని బడి పరుల బిడ్డలకైనను దొరుకవలెనని 1923లో నెల్లూరున కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి.

ఇక మన బాలికల మాట. పదవ తరగతి ముగియకుండ వారిని బడి మాన్పింపకుడు. పదవ తరగతి ఉత్తీర్ణత లేని స్త్రీకి 30 ఏండ్లు నిండనిదే గల్ఫు దేశములలో ఇంటిపనికి పోవుటకు మన ప్రభుత్వము అనుమతి నీయదు. సందర్శకుల వీసాతో దాటింతుమను దళారి మాట నమ్మినచో, అక్కడ ఆమెకు చట్టపు అండ తగ్గిపోవును. చదువు సాగిన బాలికకు ఇతర మార్గములు కలవు. నర్సు విద్య ముగించి జర్మను భాషలో సాధారణముగా బి-2 స్థాయి పరీక్ష నెగ్గినచో జర్మనీలో ఉద్యోగమునకు అర్హత కలుగును. జపానులో వృద్ధుల సేవకు పోవలెనన్నను ఎన్-4 స్థాయి జపాను భాష గాని, దానికి సమానమైన పరీక్ష గాని కావలెను.

తల్లులారా! కుమారునికి ఇంగ్లీషు బడి, కుమార్తెకు అంట్ల గిన్నెలు అను పంపకము మానుడు. దినమున కొక అరగంట ఆమె చేతికి పుస్తక మీయుడు. తెలుగు చక్కగా వచ్చిన బిడ్డకు మరియొక భాష సులభమగును. పరభాష నేర్చినంత మాత్రమున తల్లిభాష చెడదు.

చివరగా ఒక మాట. మనము నిత్యము పలుకు 'హక్కు' అను పదము సైతము అరబ్బీదే. పరాయి నేలపై ఆ మాటను నోరు తెరచి పలుకగల ధైర్యము మన ఆడుబిడ్డలకు కలుగుగాక!