నగర గృహమున శాకవనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను; పద్దులు వ్రాయువాడను. పగలు అంకెలు, రాత్రి ఈ గ్రంథాలయము దయవలన భారత భాగవతములు: ఇదియే నా చదువు. నగరములోని ఇంటితోటను గూర్చి మాటాడుదునన్నప్పుడు మిత్రులు నవ్విరి. “శంకర్‌పల్లి చుట్టును పొలములుండగా మిద్దెమీది కూర ముచ్చట మనకేల?” అనిరి. నాకును మొదట అట్లే తోచినది.

నిరుడు సంక్రాంతికి మా అమ్మాయి పట్నమునుండి వచ్చుచు సంచెడు పుంటికూర తెచ్చినది. తన మిద్దెమీద పండించినదట. అది చూచి నేను తల వంచుకొంటిని. మా పెరటిలో పుంటికూర మడి, బచ్చలితీగ, గుమ్మడిపాదు ఉండెడివి. బురద యగుచున్నదని ఆ నేలకు సిమెంటు పోయించినవాడను నేనే. నాటినుండి కూరకట్ట సంతలో కొనుచున్నాము. చివరకు పల్లె యింటికి పట్నపు కూర వచ్చినది.

పిదప కాగితము తీసికొని లెక్క వేసితిని. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, కూరగాయలు ఆకుకూరలు కలిపి మనిషికి దినమునకు 400 గ్రాములు తినుమనుచున్నది. నలుగురికి 1,600 గ్రాములు. నెలకు 48 కిలోలు. చిన్న మిద్దెపై ఇంత పండదు. కావున నగరమునకు మన చేవెళ్ల, శంకర్‌పల్లి రైతు అక్కర తీరదు. కాని ఆకుకూర సంగతి వేరు. తోటకూర, మెంతికూర ఇంచుమించు నెలకు చేతికి వచ్చును. పుంటికూర గిల్లినకొలది చిగుర్చును. కోసిన పూటకే వాడిపోవు ఆకు ఇంటనే యుండుట మేలు.

అందుకు పెద్ద ఖర్చు లేదు. ఎఱ్ఱమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లుగా కలిపి, అడుగున రంధ్రమున్న తొట్లలో నింపవలెను. తడిమన్ను ఘనమీటరు టన్నున్నరకు పైగా తూగును. గావున తొట్లను మిద్దె నడుమ కుప్పవేయక, గోడలు, దూలములు ఉన్న చోటులనే పెట్టవలెను. వంటింటి తొక్కలను ఎండుటాకులతో కలిపి మాగవేసినచో కొన్ని నెలలకు ఎరువగును. వీధి చెత్తకుండి బరువును తగ్గును.

ఇక నీటి పద్దు. చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు వాన కురిసిన, అది 1 లీటరు నీరు. హైదరాబాదులో ఏటా సుమారు 800 మిల్లీమీటర్లు కురియును. 100 చదరపు మీటర్ల మిద్దెపై పడునది 80,000 లీటర్లు! 1908 నాటి మూసీ వరద పిమ్మట కట్టిన గండిపేట చెరువు 1920లో పూర్తియైనది. అనంతగిరి కొండలలో పుట్టి మన ప్రాంతము మీదుగా పారు మూసీ నీరే దానిలో చేరును. నగరవాసి తన మిద్దె వానను తొట్టిలో నిలుపుకొనినచో, మన యేటిపై ఆమేరకు భారము తగ్గును.

1965లో దేశమున ఆహారపు కొరత యున్నప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు వారమునకొక పూట భోజనము మానుడని ప్రజలను కోరిరి. తమ నివాసపు పచ్చిక నేలను దున్ని పైరు వేసిరి. ఆ కొద్ది నేల దేశపు ఆకలి తీర్చదని వారెరుగరా? అక్షయపాత్ర అంచున అంటిన ఆకుకూర తునకతో శ్రీకృష్ణుడు తృప్తి చెందగా దుర్వాసుని శిష్యులందరి ఆకలియు తీరిన కథ మనము విన్నదే. పాత్ర చిన్నదైనను అందు మిగిల్చినదానికి విలువ కలదు.

పెద్దలకు నా మనవి ఒక్కటి. మన గ్రంథాలయమున పుస్తకముల బీరువా ప్రక్క ఒక విత్తనముల పెట్టె ఉంచుదము. పుస్తకమువలెనే గింజలు తీసికొనిపోవుడు; పంట పిదప గింజలే తిరిగి ఒప్పగింపుడు. పట్నమున నున్న మన బిడ్డలకును పంపుడు. ఆ పద్దు నేను వ్రాసెదను. గత వారమే పెరటిలో ఆరడుగుల మేర సిమెంటు పగులగొట్టించితిని. కనుక మొదటి బాకీదారు పేరు నాదే.

సెలవు.