ఊరి వికీ – దాని దశబంధము

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు అనంతపురము సీమలో, మా గార్లదిన్నెలో, మేఘమన్న మాట వినబడినచో అందరును తల యెత్తి చూతురు. నేడు మేము ముచ్చటింపబోవు మేఘము వాన కురియునది కాదు. క్లౌడ్ అని పేరు పడిన ఈ మేఘము నిజమునకు ముంబయి, హైదరాబాదు వంటి నగరములలో రేయింబవళ్లు పనిచేయు కంప్యూటర్ల సముదాయము. అందొక చిన్న సర్వరును నెలబాడుగకు తీసికొని, మేము కొందరము మిత్రులము మా ఊరి వికీని నెలకొల్పితిమి.

వికీ యనగా పలువురు కలిసి వ్రాయుచు, దిద్దుచు పెంచుకొను పుస్తకము. 1995లో అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని లోకమునకు విడుదల చేసెను. హవాయి భాషలో ఆ మాటకు ‘త్వరగా’ అని అర్థము. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను మీలో చాలమంది చూచియే యుందురు. దానిని నడపుచున్న మీడియావికీ యను సాఫ్ట్‌వేరు ఎవరికైనను ఉచితమే. మేమును దానినే వాడితిమి.

సర్వరుపై లినక్సును, పుటలను పంపు వెబ్ సర్వరును, పిహెచ్‌పిని, వ్రాతలను భద్రపరచు మరియాడిబిని అమర్చి, మీడియావికీని నిలుపుటకు మాకు పట్టినది ఒక ఆదివారము. తరువాత ఎవరి పొలమున బోరు ఎన్ని అడుగులకు పోయినది, నీరు పడినదా లేదా, ఏ యేట వేరుసెనగ యెండినది, పెనకచెర్ల డ్యాము నీరు కాలువకు ఎన్నడు వచ్చినది – ఇవన్నియు పెద్దల నడిగి వ్రాసితిమి. అప్పు చేసి బోరు వేయబోవు రైతుకు ప్రక్క చేని బోరు ఎండిన సంగతి తెలియుట చిన్న మేలు కాదు. పుట నెవరు దిద్దినను పాత ప్రతి నిలిచియే యుండును గనుక తప్పులకు వెరవలేదు.

వెరవవలసినది మరియొకటి యుండెను. నకళ్లు తీయుచుంటిమి గాని వానిని ఆ సర్వరులోనే దాచితిమి. ఒక వేసవిలో బాడుగ గడువు మరచితిమి. హెచ్చరికలు మేము తెరువని ఈమెయిలులో పడియుండెను. సర్వరుతో పాటు నకళ్లును తుడిచిపెట్టుకొని పోయినవి. బోరుల వివరములు చెప్పిన పెద్దలలో ఒకరు అప్పటికే గతించిరి. మిగిలినవారి నడిగి సగము మాత్రము మరల కూర్చితిమి.

అప్పుడు మాకు దశబంధము గుర్తునకు వచ్చినది. రాయలసీమలో పూర్వులు చెరువు కట్టించుటతో సరిపెట్టలేదు. దానిని బాగుచేయుచు కాపాడువారికి దశబంధ మాన్యము లిచ్చిరి. కట్టుట కొన్నినాళ్ల పని, కాపుదల తరతరముల పని యని వారికి తెలియును.

నేడు మా వికీకిని దశబంధ మేర్పరచితిమి. ఏడాది బాడుగ చందాలతో ముందే చెల్లింతుము. గడువు ముగ్గురికి తెలియును. ప్రతి రాత్రి డేటాబేసు నకలును, చిత్రములను, అమరిక ఫైలును వేరొక తావునకు పంపుదుము. ఒక ప్రతి ఊరిలోనే డిస్కుపై నుండును. మూడు నెలల కొకసారి ఆ నకలు నుండి వికీని మరల నిలిపి చూతుము. తెరచి చూడని గాదెలో గింజ లున్నవని నమ్మరాదు గదా! మీడియావికీ క్రొత్త కూర్పులు ఏటా రెండు వచ్చును. భద్రతా సవరణలు రాగానే వేయుదుము. ప్రకటనలు గుప్పించు యంత్రముల బెడద తగ్గుటకు, మాకు తెలిసినవారికే ఖాతాలు తెరచితిమి.

మీ యూర వికీ పెట్టదలచినచో మొదట కాపు కాయువారిని ఎన్నుకొనుడు. సర్వరు తరువాత దొరకును.